నడుము కొలత

స్కానింగ్ గది తలుపు మూసుకుని చాలాసేపైంది. లోపల మొగుడి పొట్ట మీద ఏం వెతుకుతున్నారో గానీ, బయట ఇనప కుర్చీలో కూర్చున్న ఆమె మనసు మాత్రం ఇంకా ఇంట్లోనే సీసా వెతుకుతోంది. ఎక్కడ దాచాడు? బట్టల బీరువా వెనక చూసింది, నీళ్ళ ట్యాంకు మూత ఎత్తి చూసింది, అతని పనిముట్ల సంచి నేలమీద బోర్లించి స్పానర్లూ గ్రీజు గుడ్డలూ విడదీసి చూసింది, చివరికి తన కుట్టు మిషను కింద ఉండే పీలికల మూట కూడా విప్పింది, తెలివైన దొంగ సొత్తును పోలీసు ఇంట్లోనే దాస్తాడు కదా అని. ఏమీ లేదు. ఒక్క మూత, ఒక్క ఖాళీ సీసా, కనీసం దాన్ని చుట్టిన కాగితమైనా లేదు. ఆ లేకపోవడమే ఆమెకు మింగుడు పడటం లేదు. దొరికితే తిట్టి, ఏడ్చి, ఒకపూట మాటలు మానేసి మళ్ళీ మామూలుగా పడుండేది. దొరకనప్పుడు ఎవరిని తిట్టాలి? ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో అతని చొక్కా, వాచీ, ఫోను, బెల్టు. లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సు విప్పించి ఇచ్చింది. ఆ నర్సే అంతకుముందు "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, ఆమెకు 'మందు' అన్నంతవరకే వినబడి, "పొద్దున్నే వేసుకునుంటారు" అని చెప్పేసింది. "ఏ మందు?" "నాకేం తెలుసు, దాచుకుని తాగుతారు." నర్సు తలెత్తి చూసింది. చక్రాల కుర్చీలో ఉన్న అతను ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఎవరింట్లోనో జరిగే గొడవ చూసినట్టు మెత్తగా నవ్వాడు.

పొద్దున కూడా అదే నవ్వు. చొక్కా తిరగేసి తొడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడి "ఇవాళ ఏ వారం?" అన్నాడు. చెప్పింది. టీ గ్లాసు అందిస్తే పట్టుకోబోయిన చేయి గాల్లో పిట్ట రెక్కలా కొట్టుకుంది. మళ్ళీ "ఇవాళ ఏ వారం?" అన్నాడు. మాట నాలుకకు అతుక్కుని సాగుతోంది. ఆ సాగుడు ఆమెకు కొత్తా? ఇన్నేళ్ళ కాపురంలో, గేటు దగ్గర అతను పక్కింటి కుక్కను పలకరించే తీరును బట్టే ఎంత పట్టించాడో లోపలి నుంచి చెప్పగలిగేది. దగ్గరికెళ్ళి చొక్కా పట్టుకుంది. ఎప్పటి వాసన కాదు. తియ్యగా, మూసిపెట్టిన గదిలో పండు మగ్గినట్టు ఏదో వింత వాసన. కొత్త రకం అనుకుంది. వాసన తెలియకుండా చేసేవి ఏవో వస్తున్నాయని ఎవరో అనగా విన్నది. "పొద్దున్నే మొదలెట్టారా?" అంది. "ఏంటి?" అన్నాడు. "ఏంటని నన్నడుగుతున్నారా? ఏడాది నుంచీ నన్ను వెర్రిదాన్ని చేసి ఆడిస్తున్నారా?" అప్పుడే మొదలుపెట్టింది వెతకడం. ఆమె ఒక్కో సామానూ లాగి పడేస్తుంటే అతను గోడకు ఆనుకుని మెల్లగా జారి నేలమీద కూర్చున్నాడు. కాసేపు చూశాడు. "ఏం పోయింది? నేనూ వెతకనా?" అన్నాడు. ఎంత నటన, అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఈ ఫినాయిలు వాసనలో, ఈ తెల్ల గోడల మధ్య ఆ మాట తలుచుకుంటే నటన కాదేమో అనిపిస్తోంది, కానీ వెంటనే ఇంకో మాట దాన్ని పక్కకు నెట్టేస్తోంది: నటన కాదని నీకెవరు చెప్పారు?

నమ్మకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, పని నేర్పింది. ఆమె కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, వదులైనవి బిగిస్తుంది. ఆమె దగ్గరికొచ్చే వాళ్ళందరూ అబద్ధంతోనే వస్తారు. ఉతికితే కుదించుకుపోయిందమ్మా అంటారు, గుడ్డ మంచిది కాదమ్మా అంటారు. గుడ్డ ఎక్కడికీ పోలేదు, మనిషే అటో ఇటో పోయాడని టేపు చెబుతుంది. నోటికంటే టేపును నమ్మడం అలా అలవాటైంది. తాగేవాళ్ళ ప్యాంట్లయితే ముందు పెట్టగానే తెలుస్తుంది. తొడల దగ్గర వదులు, నడుం దగ్గర ఊపిరాడదు. అతని పొట్ట కూడా అలాగే వచ్చింది మొదట్లో. పెళ్ళినాటికి వెదురుబద్దలా ఉండేవాడు. లిఫ్టులు బాగుచేసే పని, రోజంతా ఇరుకు సందుల్లోంచి పాక్కుంటూ వెళ్ళి ఇనప తాళ్ళ మధ్య నిలబడే పని. అలాంటి వాడికి పొట్ట ఎలా వస్తుంది? పని అయ్యాక వచ్చింది. సాయంత్రం మెకానిక్కులంతా కూర్చునేవాళ్ళు, ముందు బీరు, తర్వాత ఇంకేదో, మధ్యలో వేయించిన పల్లీలు. ఇంటికొచ్చి మళ్ళీ నిండు పళ్ళెం భోజనం. "నేను తినేదెంత? అంతా గాలి" అనేవాడు పొట్ట మీద దరువేస్తూ. మందుల షాపాయన ఒకసారి ఆమెకు విడమరిచి చెప్పాడు: "మందు లోపలికెళ్ళగానే ఒళ్ళు ముందు దాన్నే ఖర్చు పెడుతుందమ్మా. తిన్న తిండి పక్కన కూర్చుని కొవ్వవుతుంది. పైగా ఆ సీసాలో ఉన్నది కూడా తక్కువ బలమేం కాదు, దాదాపు నూనెతో సమానం. అది తాగితే ఆకలి ఎక్కువ, ఎంత తిన్నామన్న ధ్యాస తక్కువ." ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది. మిగతా సంగతులు, చేయి వణికిందా, కన్ను పచ్చబడిందా అనేవి ఆమె ఎరగదు. నడుం పెరిగితే తాగుతున్నట్టు, తగ్గితే మానేసినట్టు. అంత తేలిక లెక్క.

ఆ మెకానిక్కుల జట్టులో తాగనివాడు ఒక్కడే, అందరికీ సోడా కలిపిచ్చి తను ఒట్టి సోడా తాగుతూ పల్లీల పళ్ళెం ముందుకు లాక్కునేవాడు. అందుకే అతన్ని అందరూ 'సోడా' అంటారు, అతనికో అసలు పేరుందన్న సంగతి భార్యకైనా గుర్తుందో లేదో. తాగినవాళ్ళందరికంటే లావు అతనే. "మీరు తాగి పెంచారు, నేను కష్టపడి పెంచాను" అనేవాడు. అందరినీ తన బండి మీద ఒక్కొక్కరినీ ఇంటికి చేర్చి, గుమ్మంలో ఆడవాళ్ళతో తిట్లు తినేది కూడా అతనే. ఇవాళ కూడా అతనే ఆటోలో తీసుకొచ్చి, ఇక్కడ కూర్చోబెట్టి, టీ తెస్తానని వెళ్ళాడు. ఇంతసేపా టీకి? ఎవరితో మాట్లాడుతున్నాడో. ఇద్దరూ కలిసే ఏదో దాస్తున్నారు. లేకపోతే పొద్దున ఆమె ఫోను చేసి "మీ స్నేహితుడు మళ్ళీ మొదలెట్టాడు, వచ్చి చూడండి" అంటే అంత పరుగున వస్తాడా? వచ్చి, నేలమీద కూర్చున్న అతని కళ్ళలోకి చూసి, చేతులు ముందుకు చాపించి, ఆ కొట్టుకోవడం చూసి, "చెల్లెమ్మా, ఇది మందు కాదు. తాగినోళ్ళని మోసి మోసి నా వీపు వంగింది, నాకు తెలీదా? పద ఆసుపత్రికి" అన్నాడు. ఆమెకు ఆ మాటలో కూడా లొసుగే కనబడింది. తోడుదొంగ కాకపోతే అంత గట్టిగా ఎందుకు చెబుతాడు?

ఏడాది కిందట, తాగుడు మానేస్తున్నానని మొగుడు చెప్పిన సాయంత్రం ఇల్లంతా ఎండ పరుచుకుని ఉంది. ఎప్పుడూ అంత తొందరగా ఇంటికి రాడు. బయట మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పకుండా చాలాసేపు అలాగే ఉన్నాడు. లిఫ్టు డబ్బా పైన నిలబడి పని చేసేటప్పుడు ఆపాల్సిన స్విచ్చి ఒకటుంటుందట, అది ఆపాననే అనుకున్నాడట. మధ్యాహ్నం రెండు పెగ్గులు పడ్డాయి లోపల. కింద ఎవరో బటన్ నొక్కారు. డబ్బా పైకి లేచింది, అతనితో సహా. పైకప్పుకీ తలకీ మధ్య ఒక చేయి పట్టేంత సందు ఉండగా ఏ పుణ్యాత్ముడో తలుపు తెరిచి అడ్డం పెట్టాడట, ఆగింది. "నా ఊపిరి ఆ సిమెంటుకు తగిలి నా మొహానికే కొట్టింది" అన్నాడు. తర్వాత, "మానేస్తున్నా" అన్నాడు. ఆమె అప్పుడు ఒక లంగా అంచు విప్పుతోంది, తల కూడా ఎత్తలేదు. ఎన్నిసార్లు వినలేదు ఆ మాట? కూతురి పుట్టినరోజుకు ఒకసారి, అతని తల్లి పోయినప్పుడు ఒకసారి, ఊరికే వాన పడినందుకు ఒకసారి. కానీ ఈసారి నెలలు గడిచాయి. ఒళ్ళు తగ్గింది. దవడలు కనబడ్డాయి. ఆమె అతని ప్యాంట్లు వరసగా విప్పి బిగించింది. బిగిస్తున్నప్పుడు కూడా ఆ కుట్టులో ఒక అనుమానం పెట్టే కుట్టింది. మిగులు గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడిచి ఉంచింది, రేపు మళ్ళీ విప్పాల్సి వస్తుందిలే అని. ఎవరైనా చూసినవాళ్ళు "భలే తగ్గాడే మీ ఆయన" అంటే, "ఊఁ" అనేది.

విప్పాల్సే వచ్చింది. మళ్ళీ పొట్ట మొదలైంది, మెల్లగా, సొంతింటికి తిరిగొచ్చినట్టు. ముందు ఆమె కాపు కాసింది. సాయంత్రాలు ఆలస్యంగా రావడం చూసింది. భోజనం సగంలో లేచిపోవడం చూసింది, అంటే బయట తిని వస్తున్నాడన్నమాట, తిని, తాగి. పనిలో సైట్ల మీదికి పంపకుండా ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారని విన్నప్పుడు, అంటే వాళ్ళకు కూడా తెలిసిపోయిందన్నమాట అనుకుంది. "ఎందుకు మార్చారు?" అంటే "ఆయాసం వస్తోంది, ఆ సందుల్లో దూరలేకపోతున్నా" అన్నాడు. ఒకరోజు అడిగేసింది. అతను చెప్పులేసుకుని, ఆమెను మందుల షాపు ముందున్న బరువు మిషను దగ్గరికి తీసుకెళ్ళి, ఎక్కి నిలబడ్డాడు. "చూడు, ఒక్క కేజీ పెరగలేదు. తాగితే పెరగాలిగా నీ లెక్క ప్రకారం?" అన్నాడు. ముల్లు నిజంగానే పాతచోటే ఆగింది. ఆమె ముల్లును చూసింది, అతని పొట్టను చూసింది. పొట్ట ఇంత పెరిగితే బరువు పెరగకుండా ఎలా ఉంటుంది? మిషను చెడిపోయిందనుకుంది. షాపాయనతో ముందే మాట్లాడుకున్నాడేమో అని కూడా అనుకుంది. ఆ రోజు చూపు పొట్ట దగ్గరే ఆగిపోయింది గానీ, చొక్కా భుజాలు కిందికి జారి వేలాడుతున్నాయని, చేతుల్లో ఎముక కనబడుతోందని, ఎవరి భుజాలైనా దూరం నుంచే కొలవగలిగే ఆమెకు ఎందుకు తట్టలేదు? తట్టింది. ఇప్పుడు గుర్తొస్తోంది, తట్టింది. తిండి తగ్గించి తాగుతున్నాడులే అనుకుంది.

కానీ అన్నిటికంటే ఆమెను కోసింది ఆ కుట్టు. ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, అతని బూడిదరంగు ప్యాంటు వెనక నడుం దగ్గర వేలికి ఏదో వేరుగా తగిలింది. వెలుతురులోకి తీసి చూసింది. తను లోపల మడిచిపెట్టిన మిగులు గుడ్డ మొత్తం విప్పి వదులు చేసి ఉంది. చేసింది తను కాదు. దారం రంగు ఒక పిసరు ముదురు, కుట్లు దగ్గరదగ్గరగా, చివర ముడి తను వేసే వైపు కాకుండా రెండో వైపు. వేరే దర్జీ చేయి. ఆమె ఆ ప్యాంటు పట్టుకుని మంచం మీద కూలబడిపోయింది. చొక్కా మీద పొడుగాటి వెంట్రుక దొరికితే ఆడవాళ్ళు ఎలా అవుతారో అలా అయింది. వీధిలో సగంమంది నడుములు తన చేతి మీదుగా పోతుంటే, తన మొగుడు ఎవడో పరాయివాడి ముందు చేతులెత్తి నిలబడి కొలతలిచ్చాడా? తప్పు చేయనివాడు దాచుకుంటాడా? అతని అక్కతో చెబితే ఆవిడ ఎదురు తిట్టింది. "మానేశాడు కదమ్మా వాడు, ఇంకేం కావాలి నీకు? నీ కళ్ళు పోలీసు కళ్ళు, నీకు దణ్ణం" అంది. "మీ తమ్ముడు కాబట్టి మీరలాగే అంటారు వదినా" అని ఫోను పెట్టేసింది.

ఒళ్ళో సంచి వణికింది. అతని ఫోను మోగుతోంది. తెర మీద 'జ్యూస్ షాపు' అని ఉంది. ఆమె వీపు నిటారైంది. అవునా, జ్యూసా? ఫోను ఎత్తి, మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకుంది. "అన్నా, నిన్న రాలేదేంటి? ఇవాళైనా వస్తున్నావా? నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనీకుండా చూస్తున్నా." మగగొంతు, చనువుగా. "ఏం పోస్తావు ఆయనకి?" అంది. అటువైపు మిక్సీ చప్పుడు ఆగిపోయింది. "ఎవరండీ?" "ఆయన భార్యని. రోజూ ఏం పోస్తున్నావని అడుగుతున్నా." "పుచ్చకాయ రసం అమ్మా. చక్కెర వద్దంటారు." "అందులో ఏం కలుపుతావు?" "ఐసు…" "ఐసు కాక?" "ఐసు కూడా ఈ మధ్య వద్దంటున్నారమ్మా, పళ్ళు జివ్వుమంటున్నాయట." ఆమె ఆ గొంతులో వణుకు కోసం వెతికింది. "ఎంతసేపు కూర్చుంటారు?" "చీకటి పడేదాకా. మా ఎదురుగా బారుంది కదమ్మా, అది చూస్తా కూర్చుంటారు. ఒకసారి అడిగాను, ఎందుకన్నా అటే చూస్తావని. లోపలికెళ్ళకుండా ఎంతసేపు కూర్చోగలనో చూస్తున్నా తమ్ముడూ అన్నారు." ఆమె ఫోను కట్ చేసింది. అంత చక్కగా అప్పజెప్పాడంటే ముందే నేర్పి పెట్టాడన్నమాట. నేర్పి పెట్టాడా? ఫోను ఎవరెత్తుతారో వాడికెలా తెలుసు? ఎదురుగా గోడమీద తెరిచిన నోరు బొమ్మ, పళ్ళు ఎలా తోమాలో చూపిస్తూ. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. లోపల ఏదో ముడి జారినట్టు, జారకుండా తను గట్టిగా పట్టుకున్నట్టు ఉంది. పన్నెండో తరగతి పిల్లాడి వేళ్ళలా సన్నగా ఉండే అతని వేళ్ళు, ఆ వేళ్ళతో చల్లటి గ్లాసు పట్టుకుని, రోడ్డు అవతలి దీపాల వంక చూస్తూ. ఎందుకు ఇంటికి రాడు ఆ గంటలో? ఇంటికొస్తే ఏముంటుంది? తను ఉంటుంది. టేపు మెళ్ళో వేసుకుని.

సోడా రెండు కాగితం గ్లాసులతో వచ్చాడు. ఆయాసపడుతూ పక్క కుర్చీలో కూర్చుంటే ఆ వరస కుర్చీలన్నీ కదిలాయి. "తాగు చెల్లెమ్మా, పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు నువ్వు." ఆమె గ్లాసు తీసుకోలేదు. "అన్నయ్యా, ఒక్కటి నిజం చెప్పండి. మీ పిల్లలమీద ఒట్టేసి చెప్పండి. ఆయన తాగట్లేదా?" సోడా గ్లాసు కిందపెట్టి ఒట్టేయడానికి చేయి ఎత్తి, మళ్ళీ దించేశాడు. "ఒట్టేస్తే నమ్ముతావా?" అన్నాడు. ఆమె ఒళ్ళోని సంచిని దగ్గరికి లాక్కుంది. "నమ్మవు. అందుకే వేయను. పోయిన్నెల్లో వాడే నా దగ్గరకొచ్చి చొక్కా ఎత్తి చూపించాడు. సోడా, నీకంటే పెద్దదైంది రా, నువ్వు కష్టపడి పెంచావు, నాకు ఊరికే వచ్చిందన్నాడు. డాక్టరుకు చూపించుకోరా అన్నాను. చూపించుకుంటే ఇంట్లో తెలుస్తుంది, మళ్ళీ మొదలుపెట్టాననుకుంటుందన్నాడు." "మీరు నాకు చెప్పొచ్చుగా?" "చెప్పానుగా. ఆ ఆదివారం ఇంటికొచ్చి, వాడికి ఒంట్లో బాలేదమ్మా అన్నాను. నువ్వేమన్నావ్? తాగినోడికి బాగెలా ఉంటుందన్నావ్." అన్నది. గుర్తుంది. మిషను తొక్కుతూ, దారం పంటితో తెంపుతూ అన్నది.

తలుపు తెరుచుకుంది. డాక్టరు ఆమె వయసుదే, జుట్టు ముడి వేసుకుని, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, ఇద్దరినీ లోపలికి రమ్మంది. "పొట్టలో ఉన్నది కొవ్వు కాదమ్మా. నీళ్ళు." ఆమెకు అర్థం కాలేదు. "నీళ్ళంటే? తాగిన నీళ్ళా?" "కాదు. లివరు గట్టిపడిపోయింది. రక్తం అందులోంచి సాఫీగా పోక, నీరు ఊరి పొట్టలో నిలబడుతోంది. పొద్దున తికమక పడ్డారన్నారు కదా, అది కూడా దానివల్లే. మత్తు కాదు, లివరు వడకట్టాల్సిన విషం తలకెక్కింది. తగ్గడానికి మందు మొదలుపెట్టాం." 'మందు' అన్న మాట ఈసారి మామూలుగానే వినబడింది. "బరువు మాత్రం పెరగలేదు డాక్టరుగారూ, నేను చూశాను కదా, ముల్లు కదల్లేదు" అంది, తనకొక ఆధారం మిగిలినట్టు. డాక్టరు తల ఊపింది. "ముల్లుకేం తెలుసమ్మా? కండ కరిగిపోయింది, దాని బదులు నీరొచ్చి కూర్చుంది. రెండూ సరిపోయాయి. తాగేవాళ్ళు లావైతే అందరూ చూస్తారు. తాగి తాగి లోపల ఇలా ఎండిపోవడం ఎవరికీ కనబడదు. మానేసి ఎన్నాళ్ళైంది?" "ఏడాదంటున్నారు." "అంటున్నారంటే?" సోడా గొంతు సవరించుకున్నాడు. ఆమె చూపు దించలేదు. డాక్టరు ముఖంలో కూడా ఏదైనా కుట్ర ఉందేమో వెతికింది, ఇంకా వెతికింది, అలసిన కళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. "మరి మానేసినా ఎందుకొచ్చింది?" "అప్పటికే బాగా దెబ్బ తినుంటుంది. మానేశారు కాబట్టే ఇవాళ నడిచి ఆటో ఎక్కగలిగారు. లేకపోతే ఈపాటికి మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు. కానీ ఇంత పొట్ట ఒక్కరోజులో రాదు. పెరుగుతుంటే మీరెవరూ చూళ్ళేదా?"

"చూశాను," అంది ఆమె.

ఆ తర్వాత ఏం చెప్పారో ముక్కలు ముక్కలుగా వినబడింది. ఉప్పు తగ్గించాలి, నీరు మళ్ళీ చేరొచ్చు, పెద్ద ఆసుపత్రిలో చూపించాలి, ముందు ఆయాసం తగ్గడానికి కొంత నీరు తీస్తాం. చూశాను. రోజూ చూశాను. అంగుళం అంగుళం చూశాను. చూసిన ప్రతిసారీ మనిషిని వదిలేసి తప్పును కొలిచాను.

సాయంత్రపు ఎండ వార్డు కిటికీలోంచి మంచాల కాళ్ళ మీద పడుతోంది. సన్నటి గొట్టంలోంచి నీరు దిగుతోంది, పలచటి టీ రంగులో, తొందర లేకుండా. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. చప్పుడు కాకుండా డబ్బా నిండుతుంటే అతని పొట్ట కొద్దికొద్దిగా దిగుతోంది, ఊపిరి నిదానమవుతోంది. దుప్పటి నడుం దాకా దించి ఉంది. భుజాలు రెండు మేకుల్లా లేచున్నాయి. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివిడిగా. ఈ మనిషినా తను లావెక్కాడని తిట్టింది? నీరు తీసేస్తే మిగిలింది ఎవరు? పెళ్ళినాటి వెదురుబద్ద కూడా కాదు, దానిలో సగం. నర్సు వచ్చి గొట్టం తీసి, కట్టు వేశాక, బరువు రాసుకోవాలని నర్సూ తనూ చెరో చేయీ పట్టుకుని మిషను మీద నిలబెట్టారు. ముల్లు బాగా వెనక్కి పోయింది. నర్సు అంకె పైకే చదివింది. ఆమె వినలేదు, వినదలచుకోలేదు. అతని మోచేయి తన అరచేతిలో ఇమిడిపోవడం మాత్రం తెలుస్తోంది.

మంచం మీద పడుకోబెట్టాక కళ్ళు తెరిచాడు. ఇందాకటి పొగమంచు కొంచెం తీసేసినట్టుంది కళ్ళలో. "ఇవాళ గురువారం" అన్నాడు, తనే కనుక్కున్నట్టు. "అవును." కాసేపు పైకప్పు చూశాడు. "ఆ బూడిదరంగు ప్యాంటు… నీకు దొరికింది కదా." "దొరికింది." "నీకిస్తే కొలుస్తావు. కొలిస్తే తాగుతున్నాననుకుంటావు. అందుకే అక్కడెక్కడో చేయించా. వాడు బాగా కుట్టలేదు." "ముడి తప్పు వైపు వేశాడు" అంది ఆమె. ఇద్దరూ నవ్వబోయారు. అతని నవ్వు దగ్గులోకి పోయింది. దిండు పక్కకు జారిపోయి మెడ వంకరగా ఉంది. సోడా బయట ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, అతని అక్కకే కాబోలు, "ఇప్పుడు ఫర్వాలేదు, ఇప్పుడు ఫర్వాలేదు" అని రెండుసార్లు అన్నాడు. నిజం చెబుతున్నాడా, ధైర్యం చెబుతున్నాడా? వద్దు. ఇంక చాలు. ఆమె లేచి, దిండు సర్దుదామని, ఆ నుదుటి మీద చెమట తుడుద్దామని, అతని మొహం మీదికి వంగింది.

ఆమె మొహం దగ్గరికి రావడం చూడగానే అతను కళ్ళు మూసుకున్నాడు. ఏడాదిగా ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి చేసినట్టే, ఎవరూ అడగకుండానే, నోరు పెద్దగా తెరిచి, ఉన్న కాస్త ఊపిరినీ బయటికి వదిలాడు, ఆమె వాసన చూసుకోవడానికి.